ఏడో మునక

జూన్ 4, మంగళవారం

చెల్లెమ్మకు,

ఈ ఇంటి గడప తొక్కవద్దని నాలుగేళ్ళ కిందట నీతో అన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఉత్తరాలకు కాళ్ళు లేవు, గడప తొక్కవు, కనుక రాస్తున్నాను. ఫోనంటావా, దాన్ని ఇంట్లోంచి పారేశాక మళ్ళీ కొనే ఉద్దేశం లేదు. నోటి మాటను జనం తమకు నచ్చినట్టు తిప్పుకుంటారు. రాసిన మాట రాసినట్టే ఉంటుంది.

మీ వదినకు శుక్రవారం నుంచి జ్వరం. వీపు కింద కుడివైపు ఎవరో కుంపటి పెట్టినట్టుందని చెప్పింది. మూత్రంలో మంట. కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగానే వణుకు పుట్టి, సూది వేలి గోట్లో దిగింది. మూడు రోజులు సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. పై వాటాలో ఉండే టీచరమ్మ, మీ వదిన చేత బట్టలు కుట్టించుకునే మనిషి, నా తాళాల కొట్టు దగ్గరికి వచ్చి నలుగురి ముందూ, "మీ ఆవిడ పోతే మీ ప్రసంగం వినేవాళ్ళలో ఒకరు తగ్గుతారు, లెక్క చూసుకోండి" అంది. ఆ నాలుకకు దేవుడే తీర్పు తీరుస్తాడు. అయినా నిన్న క్లినిక్కుకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మకు మన మనవరాలి ఈడు ఉంటుంది. చీము మూత్రపిండం దాకా ఎక్కిందని చెప్పి పొడుగాటి తెల్ల బిళ్ళలు రాసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏడు రోజులు.

మూడు బిళ్ళలకే జ్వరం దిగింది. దేవుడు తన పని చేసినప్పుడు మనిషి ఇంకా బిళ్ళలు మింగుతూ కూర్చోవడం ఆయన మీద అనుమానం. ఇంకో రోజు వేసి ఆపేస్తాను. మిగిలినవి ప్రార్థన గదిలోని డబ్బాలో వేస్తాను. మా సంఘంలో ఎవరి సొత్తూ ఎవరిదీ కాదని నీకు తెలుసు. పోయిన చలికాలం మీ వదినకు మిగిలినవి ఇంటి కప్పులు మరమ్మతు చేసే ముసలాయన దగ్గుకు పనికొచ్చాయి.

నువ్వు మందుల షాపులో పనిచేసేదానివి కదా, నీకు తెలియాలని రాశాను. సలహా కోసం కాదు.

సత్యంలో నిలిచిన నీ అన్న

•

జూన్ 5, బుధవారం

అన్నయ్యకు,

సలహా కోసం కాదని రాసినప్పుడే నీకు సలహా కావాలని తెలిసింది. చిన్నప్పటి నుంచీ అంతే కదా. దెబ్బ తగిలితే ఏడవకుండా వచ్చి నా ఎదురుగా నిలబడేవాడివి.

ముందు ఆ డబ్బా సంగతి. దాన్ని తీసుకెళ్ళి ఏ మందుల షాపులోనైనా ఇచ్చేయి, వాళ్ళు పారేస్తారు. ఆ ముసలాయన దగ్గుకు నువ్వు వదిన బిళ్ళలు ఇచ్చావంటే, ఆయనకు ఆ మందు పనికొచ్చిందో లేదో కూడా నీకు తెలియదు. ఆయన దగ్గు దానంతట అది తగ్గి ఉంటుంది, నువ్వు మహిమ అన్నావు. ఒకరికి రాసిన యాంటీబయాటిక్ ఇంకొకరి నోట్లో వేయకూడదు. సొత్తు పంచుకోండి, బిళ్ళలు కాదు.

ఇక వదిన సంగతి. చలికాలంలో కూడా ఇదే జబ్బు. అప్పుడూ మూడో రోజుకే జ్వరం దిగింది, అప్పుడూ నువ్వు ఆపేశావు. చచ్చిన పురుగులు చచ్చాయి, చావనివి ఆ మందుకు రాటుదేలి ఆరు నెలలకు మూత్రపిండం దాకా ఎక్కాయి. ఇది దేవుడు పంపిన జబ్బు కాదు, నువ్వు మిగిల్చిన జబ్బు. ఈసారి కూడా ఆపితే వదినను నువ్వే చంపుతావు, ఆ మాట నేను నలుగురి ముందు కాదు, నీ ప్రార్థన గదిలో నిలబడి చెబుతాను.

నా భాష నీకు ఎక్కదు కనుక నీ భాషలో చెబుతాను. కుష్ఠు పట్టిన సేనాధిపతి కథ నీకు కంఠతా వచ్చు. ఏట్లో ఏడు మునకలు వేయమన్నారు. ఆరు మునకలకే ఒడ్డెక్కి ఉంటే ఒంటి మీద ఒక్క మచ్చయినా పోయేదా? ఇదీ అంతే. ఏడు రోజులు. చలేస్తోందన్నా ఒడ్డెక్కనీకు. వదిన ఏం చెప్పినా వినకు, ఒక్క బిళ్ళ కూడా మానిపించకు.

ఇంకొకటి. పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంటుంది, చీమ తలకాయలంత అక్షరాలు. అది చదవకు. నీ సంగతి నాకు తెలుసు. అందులో వికారం అన్న ఒక్క మాట కనబడితే చాలు, ఆదివారం దాని మీద గంటసేపు ప్రసంగించి బిళ్ళలు మురుగులో పోస్తావు.

మా షాపు ముందు రోడ్డు తవ్వారు. రోజంతా దుమ్ము. సీసాలు తుడిచి తుడిచి నా చేతులు కూడా మందు వాసన వేస్తున్నాయి.

గడపకు అవతల ఉన్న నీ చెల్లి

•

జూన్ 6, గురువారం

చెల్లెమ్మకు,

పూర్వం దేవుడు గాడిద నోట కూడా మాట పలికించాడు. ఇవాళ నీ ఉత్తరంలో పలికించాడు. చదివి మోకాళ్ళ మీద పడ్డాను. ఏడు మునకల కథ మీద ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, అది నా ఇంట్లో మంచం మీద ఉందని నాకు కనబడలేదు. తగ్గించుకుని ఒప్పుకుంటున్నాను.

ఇక చూడు నా పట్టుదల. ఏడో మునక దాకా నేనూ వ్రతం పట్టాను. రోజుకు ఒక పూటే తిండి. చేతిలో లేఖనం తప్ప వేరే కాగితం తెరవను, నీ ఉత్తరమైనా సరే. ఆదివారం సాయంత్రం ఆఖరి బిళ్ళ మీ వదిన గొంతు దిగాకే తెరుస్తాను. ఆ చీమ తలకాయల కాగితాన్ని నువ్వు చెప్పినట్టే చదవలేదు. నాలుగు మడతలు పెట్టి లేఖనంలో ఆ కథ ఉన్న పేజీలో గుర్తుగా ఉంచాను. మనుషుల భయాలు దేవుని మాట కింద నలగాలి.

మీ వదిన సణుగుతోంది. నిన్న సాయంత్రం నుంచి ఎడమ మడమ వెనక లాగుతోందట. మిషను తొక్కితే ఎక్కువవుతోందట. "ఈ బిళ్ళ వేసుకున్నప్పటి నుంచే అండీ" అంది. చలేస్తోందన్నా ఒడ్డెక్కనీకు అని నువ్వు రాసిన ముక్క చదివి వినిపించాను. నోరు మూసుకుంది. రాసిన మాటకు ఉన్న బలం అది.

నీకు తృప్తిగా ఉంటుందని బిళ్ళ పేరు అట్ట మీంచి అక్షరం అక్షరం ఎక్కించి ఈ కాగితం వెనక రాశాను. డాక్టరమ్మ పద్ధతి గలదే. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. పక్కన కాంపౌండరు ఉన్నాడు, మన సంఘం మనిషి. మీ వదిన ఆయాసం ప్రార్థనతో పోయిందని నేను సాక్ష్యం చెప్పిన రోజున ముందు వరసలో కూర్చుని ఏడ్చినవాడు. మీ వదిన నోరు తెరిచేలోపే ఏమీ లేవని నేనే చెప్పాను.

ఒక బట్టల వ్యాపారి ఇనప్పెట్టె తెచ్చాడు. తాళంచెవి పోయింది. రెండు రోజులుగా దానితో కుస్తీ. మొండి తాళాన్ని బుజ్జగించకూడదు, గట్టిగా పట్టుకోవాలి.

నాలుగో మునకలో, నీ అన్న

•

జూన్ 7, శుక్రవారం మధ్యాహ్నం

అన్నయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రానికే నీకు అందుతుంది. వెంటనే చదవాలని ఆయనతో నోటితో కూడా చెప్పిస్తున్నాను. నీ వ్రతం నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టు.

ఆ బిళ్ళ ఇక వదినకు వేయకు. ఒక్కటి కూడా.

నువ్వు రాసిన పేరు చూశాను. ఆ రకం యాంటీబయాటిక్ కొందరిలో కండను ఎముకకు కట్టే నరాన్ని దెబ్బతీస్తుంది, ఎక్కువగా మడమ వెనక ఉండే లావు నరాన్ని. నొప్పి అంటేనే హెచ్చరిక. నొప్పి మొదలవగానే బిళ్ళ ఆపి, కాలు కదపకుండా పెట్టి, డాక్టరుకు చెప్పాలి. తొక్కుతూ పోతే తెగుతుంది. అరవై దాటినవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ. స్టెరాయిడ్ వాడేవాళ్ళకు మరీ ఎక్కువ.

వదిన ఆయాసానికి స్టెరాయిడ్ వాడుతోంది, అన్నయ్యా. నీ సాక్ష్యం అబద్ధం. మూడేళ్ళుగా దారపు రీళ్ళ పెట్టెలో అడుగున పెట్టి నెలనెలా నేనే పంపుతున్నాను. డాక్టరు చీటీ లేకుండా పంపుతున్నాను, అదీ నా తప్పే. ఆవిడ రాత్రిళ్ళు ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చుంటోందని ఉత్తరం రాస్తే ఏం చేయను? నీకు చెబితే ఆ పెట్టె కూడా మురుగులో పోస్తావు. డాక్టరమ్మకు ఇది ఇప్పుడే చెప్పు. ఆ ఆయాసం బిళ్ళ మాత్రం ఉన్నపళంగా ఆపకూడదు, ఆవిడే చూస్తుంది.

కోర్సు మధ్యలో ఆపకూడదన్నదీ నేనే, ఇప్పుడు ఆపమంటున్నదీ నేనే. రెండూ నిజమే. జ్వరం తగ్గిందని సొంతంగా ఆపడం వేరు, మందు ఒంటికి పడక డాక్టరు దగ్గరికి పరుగెత్తడం వేరు. ఆవిడ వేరే మందు ఇస్తుంది. చీము జబ్బు వదిలేయమని నేను అనడం లేదు. ఈలోపు వదినను మిషను ఎక్కనీకు.

ఏ క్లినిక్కో రాసి ఉంటే నేనే ఫోను చేసేదాన్ని. ఆ కాగితం చదువు. నీ లేఖనంలో పెట్టుకున్నావు కదా, అందులో ఇదంతా ఉంటుంది. చదవవద్దన్నది నేనే. ఇప్పుడు చదవమంటున్నాను.

నీ చెల్లి

•

జూన్ 9, ఆదివారం మధ్యాహ్నం

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం డ్రైవరు తెచ్చాడు. ఇప్పుడే చదవమందండీ మీ చెల్లెలు అన్నాడు. నా వ్రతం గురించి అతనికి చెప్పి, రెండు లేఖనాలు వినిపించి పంపాను. కవరు అలమరాలో గడియారం పక్కన నిలబెట్టి ఉంది. ఇంకో నాలుగు గంటల్లో తెరుస్తాను. తెరవాలని చేతులు ఎంత పీకాయో దేవుడికి తెలుసు. శోధన ఉత్తరం రూపంలో కూడా వస్తుంది. నేను పడిపోలేదు.

పడిపోయింది మీ వదిన. నిన్న పొద్దున, బిళ్ళ వేశాక. టీచరమ్మ పరదాలు ఇవ్వవలసిన రోజు. కాలు నొప్పిగా ఉంది, ఇవాళ మిషను ఎక్కను అంది. పని మానడం నీకు అలవాటవుతోందని అన్నాను. కూర్చుంది. నేను పక్క గదిలో ఇనప్పెట్టె తాళం మీద ఉన్నాను. టప్పుమని చప్పుడు నాకే వినిపించింది. మిషను బెల్టు తెగిందనుకున్నాను. మీ వదిన కూడా అదే అనుకుందట. వంగి చక్రం చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూసింది. బెల్టు బాగానే ఉంది. సరేనని లేవబోయింది, ఎడమ పాదం ఆవిడ మాట వినలేదు. నేల మీద కూలబడింది.

బెణికి ఉంటుంది. నూనె రాశాను. మడమ పైన వేలు పెడితే గుంట తగులుతోంది, వాపు దిగితే సర్దుకుంటుంది. ఏడవలేదు. నన్ను చూసి ఒకటే అంది: "ఆ ఉత్తరం తెరవండి." వ్రతం సంగతి చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆరో మునకలోనే కదా ఒడ్డు ఆశ పెడుతుంది. సాయంత్రం బిళ్ళ, ఇవాళ పొద్దుటి బిళ్ళ నా చేత్తోనే వేశాను. దవడ పట్టుకోవలసి వచ్చింది.

ఇవాళ ప్రసంగం దీని మీదే. నీ పేరు చెప్పలేదు కానీ, బయటివాళ్ళ నోట కూడా దేవుడు మాట్లాడతాడని నీ మాటను పేరు లేకుండా వాడుకున్నాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. కప్పుల ముసలాయన రాలేదు. దగ్గు మళ్ళీ మొదలైందట.

సాయంత్రం ఏడో మునక. ఆ తర్వాత నీ ఉత్తరం.

విజయానికి ఒక బిళ్ళ దూరంలో, నీ అన్న

•

జూన్ 10, సోమవారం

చెల్లెలికి,

బిళ్ళ వేసి, చదివాను.

రెండోసారి చదివాను. తర్వాత లేఖనంలోంచి ఆ కాగితం తీసి చదివాను. మడమ మాట రెండో మడతలో ఉంది. గుర్తుగా పెట్టినందుకు నాలుగు రోజులుగా ఆ పేజీ తెరిచినప్పుడల్లా నా బొటనవేలు దాని మీదే ఉంది.

డాక్టరమ్మ చూసింది. నరం పూర్తిగా తెగింది. ఆయాసం బిళ్ళల వల్ల కోత మానదేమోనని ఆపరేషను వద్దంది. కట్టు వేసింది, మూడు నెలలు. తర్వాత కూడా మిషను తొక్కుతుందని చెప్పలేనంది. స్టెరాయిడ్ వాడుతున్నట్టు చెప్పి ఉంటే ఆ రకం మందు రాసేదాన్నే కాదని నాతో కాదు, కాంపౌండరుతో అంది. అతను నా వైపు చూడలేదు.

చీము జబ్బు మాత్రం పూర్తిగా పోయిందట. పరీక్షలో ఏమీ లేదు.

అన్న

•

జూన్ 12, బుధవారం

అన్నయ్యకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. ఏది ముందు చదవాలో తెలియక తేదీ ప్రకారం చదివాను. విజయానికి ఒక బిళ్ళ దూరంలో ఉన్నవాడి ఉత్తరం ముందు చదివాను. దవడ పట్టుకున్నావని రాశావు. ఆ ముక్క నేను ఎవరికీ చూపించను, దాచి పెడతాను. నీ సమాధి మీద ఏం రాయాలని ఎవరైనా అడిగితే పనికొస్తుంది.

ముప్పై ఏళ్ళు చదివావు కదా, చదవడం మాత్రం నేర్చుకోలేదు. తాళం తీసేవాడివి, ఒక కవరు తీయలేకపోయావు. ఆవిడ తెరవమని అడిగింది. ఆ ఇంట్లో నీ పేరు మీద వచ్చిన ఉత్తరం ఆవిడ తెరవకూడదు, ఆ నియమం కూడా నీదే.

ఇప్పుడు నా వంతు. నేను నీకు ఏడు మునకలని రాసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. అన్నయ్యను అన్నయ్య కర్రతోనే కొట్టానని షాపులో పిల్లలకు కూడా చెప్పి నవ్వాను. వదిన ఏం చెప్పినా వినకు అన్నది నా చేతిరాత. కాగితం చదవకు అన్నదీ. మందు పేరు తెలియకుండా ఆ మాటలు రాయడానికి షాపు బయట కూర్చునే జ్యోతిష్కుడు కూడా సిగ్గుపడతాడు. శుక్రవారం డ్రైవరు చేతికి కవరు ఇచ్చి అదే బస్సులో ఎక్కి ఉండవచ్చు. గంటన్నర ప్రయాణం. గడప తొక్కవద్దన్నావు కదా, తొక్కకుండా చూపిద్దామనుకున్నాను. నీ పంతం గడపకు లోపల, నా పంతం బయట. మధ్యలో ఆవిడ కాలు.

ఆదివారం వస్తున్నాను. నువ్వు ఏమనుకున్నా సరే. వదినకు చెప్పు.

చెల్లి

•

సెప్టెంబరు 15, ఆదివారం

చెల్లెలికి,

ఆ ఆదివారం నువ్వు వచ్చి వాకిట్లో నిలబడి వెళ్ళిపోయావు. నేను ఆపానని అనుకుంటున్నావు. నీ ఉత్తరాల్లో అదే కనబడుతోంది, అందుకే వాటికి జవాబు రాయలేదు. నిజం రాస్తాను. ఆ ముందు రోజే గడప మాట వెనక్కి తీసుకున్నాను. వద్దన్నది మీ వదిన. "ఆవిడ ఆ కాగితం చదవవద్దన్నది మీకు కాదు, నాకు" అంది. ఆవిడ మాట మార్చడం నా వల్ల కాలేదు. దారపు రీళ్ళ పెట్టె ఇక పంపకు. డాక్టరమ్మే కొలత చూసి రాస్తోంది.

ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు. రెండో నెలలోనే చూశాను. చూసి రీళ్ళు ఎలా ఉన్నవి అలా సర్ది, ఆ వారమే సాక్ష్యం చెప్పాను. డాక్టరమ్మ అడిగినప్పుడు నాకు గుర్తు లేక కాదు.

ఇది సంఘంలో ఒప్పుకుందామని మీ వదినతో అన్నాను. ఆవిడ నెమ్మదిగా, "ఊపిరి మీద ఒక ప్రసంగం చేశారు, బిళ్ళల మీద ఒకటి చేశారు. నా కాలి మీద కూడా చేస్తారా? జనం మళ్ళీ కళ్ళు తుడుచుకుంటారు" అంది. కనుక ఒప్పుకోవడం కూడా నాకు లేదు. ప్రార్థన గదికి తాళం వేశాను. డబ్బాలోని బిళ్ళలన్నీ మందుల షాపులో ఇచ్చేశాను. కప్పుల ముసలాయన్ను డాక్టరు దగ్గరికి నేనే నడిపించుకుని వెళ్ళాను. చలికాలం నేనిచ్చిన బిళ్ళలు ఆయన జబ్బును దాచాయే తప్ప తగ్గించలేదట. క్షయ.

సాయంత్రం ప్రార్థన వేళకు మీ వదిన ఆ కాగితం చదవమంటుంది. భూతద్దం పెట్టి చదువుతాను. పాలతో వేసుకోకూడదు. ఎండలో ఎక్కువ తిరగకూడదు. వేరే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. మడమ వెనక నొప్పి కలిగితే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. అక్కడికి రాగానే మళ్ళీ అంటుంది, మళ్ళీ చదువుతాను. అయ్యాక కళ్ళు మూసుకుని ఆమేన్ అంటుంది.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని గదిలో తిరుగుతోంది. మిషను తొక్కలేదు. పని మాత్రం మానలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని గుడ్డ పట్టుకుంటుంది, నేను మిషను కింద నేల మీద కూర్చుని రెండు చేతులతో పెడలు తొక్కుతాను. పైన ఏం జరుగుతోందో నాకు కనబడదు. చీర కుచ్చెళ్ళు, ఆ సన్నబడిన పిక్క కనబడతాయి. ఆపండి అంటుంది, ఆపుతాను.

ఒక్కోసారి చేతులకు తేలిగ్గా తెలుస్తుంది, సూది కింద గుడ్డ లేదని. ఉత్తి మిషను తిరుగుతోందని. అప్పుడు కూడా ఆపండి అంటుంది. ఆపుతాను. వంగి కిందికి చూస్తుంది, ఆపానా లేదా అని. చూసి, మళ్ళీ తొక్కమంటుంది.

అన్న